ఆమె పేరు మీద, ఆమెను అడక్కుండా: అఫ్గాన్ స్త్రీలూ వందేళ్ల యుద్ధాలూ

2025 అక్టోబర్ 10న ఢిల్లీలోని అఫ్గాన్ ఎంబసీలో తాలిబాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ ప్రెస్‌మీట్ పెట్టారు. లోపల ఒక్క మహిళా జర్నలిస్టు కూడా లేరు. మన రాజధానిలోనే ఇలా జరగడం మీద పెద్ద దుమారం లేచింది. రెండు రోజుల తర్వాత ఇంకో ప్రెస్‌మీట్ పెట్టారు. ఈసారి మహిళా విలేకరులు ముందు వరసలో కూర్చుని, మీ దేశంలో ఆడపిల్లల్ని ఎందుకు చదవనివ్వడం లేదని ఆయన మొహం మీదే అడిగారు. మొదటిసారి వాళ్లను పిలవకపోవడం కావాలని చేసింది కాదని ఆయన చెప్పుకొచ్చారు.

ఆ వారం ఎవరితో మాట్లాడినా మూడు మాటలే వినిపించాయి. "అమెరికా ఉన్నన్నాళ్లూ వాళ్లు బాగానే ఉన్నారు కదా" అని కొందరు. "అసలు అమెరికా, రష్యా వెళ్లి కెలక్కపోతే ఇంతదాకా వచ్చేది కాదు" అని మరికొందరు. "అది వాళ్ల మతం, వాళ్ల ఆచారం, మనకెందుకు" అని ఇంకొందరు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఏ మాటకామాటే విడిగా పట్టుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. అందుకే కాస్త వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

## వాట్సాప్‌లో తిరిగే ఆ పాత ఫొటో

కాబూల్ వీధిలో మోకాళ్ల పైకి స్కర్టులు వేసుకుని నవ్వుతూ నడుస్తున్న అమ్మాయిల ఫొటో చాలామంది చూసే ఉంటారు. "అప్పుడు అలా, ఇప్పుడు ఇలా" అని కింద రాసి పంపుతుంటారు. ఆ ఫొటో అబద్ధం కాదు. కానీ అది కాబూల్‌లో కొన్ని పేటల ఫొటో. ఆ కాలంలో దేశం మొత్తం మీద చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి పది మంది కూడా లేరు. నగరానికీ పల్లెకీ మధ్య ఉన్న ఈ అగాధాన్ని పక్కన పెడితే తర్వాతి కథ ఏదీ అర్థం కాదు.

స్త్రీల చదువు అక్కడికి పరాయి సైన్యాలు తెచ్చింది కూడా కాదు. 1919లో గద్దెనెక్కిన అమానుల్లా ఖాన్, ఆయన భార్య సొరాయా కలిసి 1921లో కాబూల్‌లో ఆడపిల్లల బడి తెరిచారు. 1928లో కొందరు అమ్మాయిల్ని చదువు కోసం టర్కీ పంపారు. ఆ ఏడాది చివర్లోనే తిరుగుబాటు వచ్చి, 1929లో అమానుల్లా దేశం విడిచి పోవాల్సి వచ్చింది. రాణి ముసుగు తీసినందుకే రాజ్యం పోయిందని చాలాచోట్ల రాస్తారు. నిజానికి కొత్త పన్నుల మీద, బలవంతపు సైనిక సేవ మీద కూడా తెగలు మండిపడుతున్నాయి. నేరం మాత్రం ఆడవాళ్ల ముసుగు మీదికి నెట్టేశారు. ఈ తీరు అక్కడ తర్వాత కూడా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

అక్కడి నుంచి మార్పు నెమ్మదిగా నడిచింది. 1959లో ప్రధాని దావూద్ హయాంలో రాజకుటుంబపు స్త్రీలు జాతీయ ఉత్సవాల్లో ముసుగు లేకుండా కనిపించారు. 1964 రాజ్యాంగం ఓటు హక్కు ఇచ్చింది. 1965 ఎన్నికల్లో నలుగురు స్త్రీలు దిగువ సభకు గెలిచారు. ఒక్క విదేశీ సైనికుడు కూడా లేకుండానే ఇదంతా జరిగింది.

## తుపాకీతో వచ్చిన సంస్కరణ

1978 ఏప్రిల్‌లో కమ్యూనిస్టులు కుట్రతో అధికారం పట్టారు. ఆ అక్టోబర్‌లో తెచ్చిన 7వ డిక్రీ (ప్రభుత్వ ఆదేశం) పెళ్లి వయసు అమ్మాయికి 16, అబ్బాయికి 18 అని నిర్ణయించింది. పెళ్లికూతురి కోసం ఇచ్చే సొమ్ముకు పరిమితి పెట్టింది. అక్కడి పల్లెల్లో పెళ్లికొడుకు వైపు వాళ్లు అమ్మాయి తండ్రికి డబ్బు ఇస్తారు. మన ముత్తాతల కాలంలో కన్యాశుల్కం అన్నది ఇదే. అది పోవాలనుకోవడం తప్పు కాదు. కానీ కాబూల్ నుంచి వచ్చిన కుర్ర కార్యకర్తలు పల్లెల్లో దిగి, ఆడామగా అందరినీ అక్షరాస్యత తరగతులకు బలవంతంగా కూర్చోబెట్టేసరికి జనం తిరగబడ్డారు. 1979 మార్చిలో హెరాత్ నగరం భగ్గుమంది. డిసెంబర్‌లో సోవియట్ సైన్యం దిగింది.

ఆ తర్వాత పదేళ్లు ఒకే దేశంలో రెండు జీవితాలు సాగాయి. మగవాళ్లు యుద్ధంలోకి పోవడంతో కాబూల్‌లో బడులు, ఆస్పత్రులు, ఆఫీసులు చాలావరకు ఆడవాళ్లే నడిపారు. అదే సమయంలో పల్లెల మీద బాంబులు పడుతున్నాయి. 50 లక్షల మందికి పైగా పాకిస్తాన్, ఇరాన్‌లకు పారిపోయారు. పరాయి నేల, పక్కపక్కనే అపరిచితుల గుడారాలు. మగవాళ్లకు పరువు భయం పెరిగింది. సొంత ఊళ్లో పొలానికి, వాగుకు తిరిగిన ఆడవాళ్లు శిబిరాల్లో గుడారం దాటలేకపోయారు. యుద్ధం వల్ల పరదా ఇలా ఇంకా బిగుసుకుంది.

అమెరికా డబ్బు, ఆయుధాలు పాకిస్తాన్ గూఢచారి సంస్థ ద్వారా, సోవియట్ సైన్యంతో పోరాడుతున్న ముజాహిదీన్లకు చేరాయి. అందులో పెద్ద వాటా, స్త్రీల విషయంలో అందరికన్నా ఛాందసుడిగా పేరున్న గుల్బుద్దీన్ హెక్మత్యార్‌కు పోయింది. 2001లో స్త్రీ విముక్తి గురించి మాట్లాడిన దేశమే 1980లలో ఈ పని చేసింది.

ఈ రెండు శిబిరాల మధ్య మూడో గొంతు కూడా ఉంది. మీనా అనే యువతి 1977లో కాబూల్‌లో అఫ్గాన్ విప్లవ మహిళా సంఘాన్ని స్థాపించారు. 'రావా' అంటే అదే. సోవియట్ ఆక్రమణనూ మతఛాందసుల్నీ ఆమె ఒకేసారి ఎదిరించారు. 1987లో పాకిస్తాన్‌లోని క్వెట్టాలో ఆమెను హత్య చేశారు. అమెరికా వైపా, తాలిబాన్ వైపా అని నిలదీసే వాదనల్లో ఇలాంటివాళ్లకు చోటుండదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

1992లో కమ్యూనిస్టు ప్రభుత్వం కూలింది. కాబూల్ కోసం ముజాహిదీన్ వర్గాలు తమలో తాము కొట్టుకుని నగరాన్ని నేలమట్టం చేశాయి. అపహరణలు, అత్యాచారాలు పెరిగాయి. ఆ భయంలోనే "మేము శాంతి తెస్తాం" అంటూ 1994లో కాందహార్ నుంచి తాలిబాన్ లేచింది. 1996 సెప్టెంబర్‌లో కాబూల్ పట్టుకున్న వెంటనే ఆడపిల్లల బడులు మూసేసింది, ఆడవాళ్ల ఉద్యోగాలు పీకేసింది.

## ఒకే ఇరవై ఏళ్లు, ఇద్దరు స్త్రీలు

2001 అక్టోబర్ 7న అమెరికా దాడి మొదలైంది. నవంబర్ 17న అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ, ఉగ్రవాదం మీద పోరాటం స్త్రీల హక్కుల కోసం, గౌరవం కోసం పోరాటం కూడా అన్నారు. యుద్ధం వచ్చింది సెప్టెంబర్ 11 దాడుల వల్ల. స్త్రీల మాట దానికి తర్వాత కలిసింది. ఆ వరసను గుర్తుపెట్టుకోవాలి.

తర్వాతి 20 ఏళ్లు మంచివా, చెడ్డవా? ఇద్దరిని ఊహించుకుందాం. వీళ్లు నిజం మనుషులు కారు. వీళ్ల చుట్టూ జరిగినవి మాత్రం నిజం. ఇద్దరూ 1985లో పుట్టారు. ఒకరిది కాబూల్, మరొకరిది హెల్మంద్ రాష్ట్రంలోని సంగిన్ దగ్గర పల్లె.

కాబూల్ అమ్మాయికి 11 ఏళ్లప్పుడు బడి మూతపడింది. 17 ఏళ్లకు మళ్లీ తెరిచారు. తనకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చుని చదివి, యూనివర్సిటీకి వెళ్లి, టీచర్ అయింది. 2004లో ఓటేసింది. అదే ఏడాది వచ్చిన రాజ్యాంగం 22వ అధికరణ స్త్రీపురుషులు చట్టం ముందు సమానమని చెప్పింది. దిగువ సభలో స్త్రీలకు 68 సీట్లు ఖాయం చేసింది. ఆ సభకు మన దేశమే కొత్త భవనం కట్టించి 2015 డిసెంబర్‌లో అప్పగించింది. ఆమెకు ఆ ఇరవై ఏళ్లు అంటే ఒక జీతం, ఒక ఫోన్, తన పేరు మీద ఒక బ్యాంకు ఖాతా. భయం మాత్రం ఎప్పుడూ ఉంది. 2021 జనవరిలో సుప్రీంకోర్టులో పనిచేసే ఇద్దరు మహిళా జడ్జీలను ఆఫీసుకు వెళ్లే దారిలో కాల్చి చంపారు.

సంగిన్ ఆమె కథ వేరు. 2006లో బ్రిటిష్ సైన్యం, 2010లో అమెరికా మెరైన్లు అక్కడ దిగారు. మొత్తం యుద్ధంలో అతి ఘోరమైన పోరు నడిచిన చోట్లలో సంగిన్ ఒకటి. రోడ్డు మీద తాలిబాన్ పెట్టిన బాంబులు, ఆకాశంలో విమానాలు, అర్ధరాత్రి తలుపులు పగలగొట్టే సైనికులు. బడి అనేది కాగితం మీదే. ఆడవాళ్ల హక్కుల కోసం జరుగుతున్నదని చెప్పిన యుద్ధంలో ఆమెకు దక్కింది సమాధులే.

ఇది ఎక్కడో ఒకచోట జరిగిన పొరపాటు కాదు. 2008 జూలైలో నంగర్‌హార్ రాష్ట్రంలో పెళ్లికూతురిని తీసుకెళ్తున్న బృందం మీద అమెరికా విమానాలు బాంబులు వేశాయి. పెళ్లికూతురితో సహా 47 మంది చనిపోయారని, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలేనని అఫ్గాన్ ప్రభుత్వ విచారణ తేల్చింది. 2010 ఫిబ్రవరిలో గర్దెజ్ దగ్గర అమెరికా బలగాలు ఒక ఇంటి మీద రాత్రి దాడి చేసి ఇద్దరు గర్భిణులను, ఒక యువతిని చంపారు. వాళ్లు తాము రాకముందే చనిపోయి ఉన్నారని మొదట చెప్పిన అమెరికా సైనిక కూటమి నాటో, ఏప్రిల్‌లో తప్పు ఒప్పుకుంది. అయితే రెండో వైపు లెక్క కూడా చెప్పాలి. 2009 తర్వాతి పదేళ్లలో చనిపోయిన, గాయపడిన పౌరులు లక్ష దాటారని ఐక్యరాజ్యసమితి లెక్కగట్టింది. అందులో ఎక్కువ భాగానికి కారణం తాలిబాన్, ఇతర ప్రభుత్వ వ్యతిరేక సాయుధ వర్గాలేనని చెప్పింది.

2021 ఆగస్టు 15న తాలిబాన్ మళ్లీ కాబూల్ పట్టుకుంది, కాబూల్ టీచర్ ప్రపంచం కూలిపోయింది. అదే రోజు సంగిన్ ఆమె ఎన్నో ఏళ్ల తర్వాత తుపాకీ చప్పుడు లేని రాత్రి నిద్రపోయి ఉండవచ్చు. ఇద్దరిలో ఎవరి అనుభవమూ అబద్ధం కాదు.

అలాగని పట్నం చదువు కోరుతుంది, పల్లె కోరదు అనుకుంటే అదీ తప్పే. 2022 సెప్టెంబర్‌లో పక్తియా రాష్ట్రంలో ఊరి పెద్దలే పూనుకుని ఆడపిల్లల హైస్కూళ్లు తెరిపించారు. పక్తియా అంటే పష్తూన్ సంప్రదాయానికి పెట్టింది పేరు. కొద్ది రోజులకే తాలిబాన్ వాటిని మూయించింది. యూనిఫాంలో ఉన్న అమ్మాయిలు రోడ్డెక్కారు. పల్లె వద్దన్నది పరాయి తుపాకీని. దాన్ని చదువు వద్దన్నట్టుగా లెక్క రాసుకోవడం పెద్ద పొరపాటు.

## ఆ ఇరవై ఏళ్ల లాభాలు నిజమేనా?

నిజమే. 2001లో బడికి వెళ్లే ఆడపిల్లలు దాదాపు ఎవరూ లేరు. 2018 నాటికి ప్రాథమిక బడుల్లో సుమారు 25 లక్షల మంది ఉన్నారని యునెస్కో చెప్పింది. స్త్రీల అక్షరాస్యత 17 శాతం నుంచి దాదాపు 30 శాతానికి వచ్చింది.

నాకు మాత్రం వీటన్నిటికన్నా ప్రసూతి మరణాల లెక్క ముఖ్యమనిపిస్తుంది. 2002 సర్వేలో లక్ష కాన్పులకు 1,600 మంది తల్లులు చనిపోతున్నట్టు తేలింది. అంటే ప్రతి 62 కాన్పులకు ఒక తల్లి. ఆరుగురు పిల్లల్ని కనడం మామూలైన చోట, పది మంది తల్లుల్లో ఒకరు ఏదో ఒక కాన్పులో పోతారన్నమాట. 2017కు ఆ సంఖ్య 638కి తగ్గిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ), తోటి సంస్థల అంచనా. అంటే సుమారు 157 కాన్పులకు ఒకరు. ఇదీ తక్కువేం కాదు, కానీ ఎన్నో వేల మంది తల్లులు బతికారు. దీనికి పెద్ద కారణం ఆయా జిల్లాల నుంచే అమ్మాయిల్ని తీసుకుని, మిడ్‌వైఫ్ (కాన్పులు చేసే మంత్రసాని) శిక్షణ ఇచ్చి, సొంత ఊళ్లకే పంపడం. విదేశీ డబ్బు అందింది, నిజమే. మంచులో గాడిద మీద వెళ్లి కాన్పు చేసింది మాత్రం అఫ్గాన్ ఆడపిల్లే.

డబ్బు ఒక్కటే పని చేయదని చూపించే ఉదాహరణ కూడా ఉంది. 2014లో అమెరికా 'ప్రమోట్' అనే పథకం పెట్టింది. 75 వేల మంది యువతులను నాయకత్వ స్థానాలకు చేర్చడం లక్ష్యం, 21.6 కోట్ల డాలర్ల కేటాయింపు. దాని వల్ల స్త్రీలకు మేలు జరిగిందో లేదో చూపించే ఆధారాలే సరిగా లేవని 2018లో ఆ దేశపు ఆడిట్ సంస్థే తేల్చింది.

ఇక అమెరికా సైన్యం వెళ్లిపోయే ఒప్పందం సంగతి. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్ సంతకాలు చేసిన పత్రంలో స్త్రీల హక్కుల గురించి ఒక్క వాక్యం లేదు. అప్పటి అఫ్గాన్ ప్రభుత్వం ఆ సంతకాల దగ్గర లేనే లేదు. 2001లో ఎవరి పేరు చెప్పి మద్దతు అడిగారో, వెళ్లిపోయే రోజు కాగితంలో వాళ్లే లేరు.

## ఆరో తరగతి తర్వాత ఏమవుతుంది

తాలిబాన్ ఆంక్షలు ఒక్క రోజులో రాలేదు. 2021 సెప్టెంబర్‌లో మహిళా మంత్రిత్వ శాఖ భవనాన్ని 'మంచిని ఆదేశించి చెడును ఆపే' శాఖకు ఇచ్చేశారు. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తున్నామని చెప్పి, అమ్మాయిలు తరగతుల్లో కూర్చున్నాక ఇళ్లకు పంపేశారు. అదే డిసెంబర్‌లో యూనివర్సిటీలు, ఆ వెంటనే ఎన్జీఓ ఉద్యోగాలు మూసుకుపోయాయి. 2023లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలు, బ్యూటీ పార్లర్లు. 2024 ఆగస్టులో వచ్చిన నైతిక చట్టం ఇంటి బయట స్త్రీ గొంతు కూడా వినపడకూడదంది.

వీటన్నిటికీ ఇరుసు 'మహ్రమ్' అనే మాట. స్త్రీ పెళ్లాడకూడని దగ్గరి బంధువు, అంటే తండ్రి, అన్నదమ్ముడు, కొడుకు లాంటివాళ్లు, వాళ్లతో పాటు భర్త. 72 కిలోమీటర్లు దాటి ప్రయాణించాలంటే మహ్రమ్ తోడు ఉండాలి. యుద్ధంలో భర్తనూ అన్ననూ పోగొట్టుకున్న విధవకు ఆ తోడు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ఆంక్షలు ఒకదానికొకటి ఎలా ముడిపడతాయో చూడండి. 2021 ఆగస్టులో ఆరో తరగతిలో ఉన్న 12 ఏళ్ల అమ్మాయికి 2025కి 16 ఏళ్లు, మన లెక్కలో ఇంటర్ చదవాల్సిన వయసు. ఆమెకు ఏడో తరగతి లేదు కాబట్టి డాక్టర్ అయ్యే దారి లేదు. అప్పటికే హైస్కూల్ పూర్తి చేసిన అమ్మాయిలకు మిడ్‌వైఫ్, నర్సింగ్ కోర్సుల దారి ఒక్కటే మిగిలి ఉండేది. 2024 డిసెంబర్‌లో అదీ మూసేశారు. మరోవైపు చాలాచోట్ల ఆడ రోగిని మగ డాక్టర్ చూడకూడదంటారు. ఇప్పుడున్న మిడ్‌వైఫ్‌లు వయసు మీదపడి మానేశాక, ఇదే నియమం పెట్టిన మగవాడి భార్యకు కాన్పు ఎవరు చేస్తారు?

## ఇది మతం చెప్పిందేనా

హైస్కూల్ చదువును ఆడపిల్లలకు దేశమంతటా నిషేధించిన దేశం ప్రపంచంలో అఫ్గానిస్థాన్ ఒక్కటే. పక్కనున్న ఇరాన్, పాకిస్తాన్, ఇటు సౌదీ, ఎవరూ ఈ పని చేయడం లేదు. 2022లో యూనివర్సిటీ నిషేధం షరియాకు విరుద్ధమని ఈజిప్టులోని పేరున్న ఇస్లామిక్ విద్యాసంస్థ అల్ అజ్హర్ పెద్ద ఇమామ్ బహిరంగంగా చెప్పారు. 2025 జనవరిలో తాలిబాన్ ఉప విదేశాంగ మంత్రి అబ్బాస్ స్తానిక్‌జయీ స్వయంగా, ఈ నిషేధానికి ఏ సాకూ లేదన్నారు. నిర్ణయం కాందహార్‌లో కూర్చున్న అగ్రనేత హిబతుల్లా అఖుంద్‌జాదాది. మతం పేరు మీద తీసుకున్న రాజకీయ నిర్ణయం అది. "వాళ్ల ఆచారం" అని మనం వదిలేస్తే, నాన్, కార్, ఆజాదీ (రొట్టె, పని, స్వేచ్ఛ) అని నినదిస్తూ కొరడా దెబ్బలు తిన్న ఆ దేశపు ఆడవాళ్లు ఎవరి ఆచారం కిందికి వస్తారో చెప్పాల్సి ఉంటుంది.

## వెలివేయాలా, మాట్లాడాలా

ఇప్పుడు అసలు తర్జనభర్జన దీని మీదే. అఫ్గాన్ స్త్రీలలో కూడా ఏకాభిప్రాయం లేదు.

వెలివేయాలనేవాళ్ల వాదన ఇది: ప్రతి చర్చా తాలిబాన్‌కు గుర్తింపు ఇస్తుంది, స్త్రీలకు మాత్రం ఏమీ రాదు. 2024 జూన్ చివర్లో దోహాలో ఐక్యరాజ్యసమితి సమావేశానికి తాలిబాన్ వచ్చింది, కానీ ఆ బల్ల దగ్గర అఫ్గాన్ స్త్రీలు లేరు. వాళ్లతో ప్రతినిధులు తర్వాత విడిగా కూర్చున్నారు. ఈ వైపు వాళ్లు స్త్రీల మీద ఈ వ్యవస్థను 'జెండర్ అపార్థీడ్' (ఆడవాళ్లని వేరుచేసి అణచే పాలన) అని అంతర్జాతీయ నేరంగా రాయాలంటున్నారు. 2025 జూలై 8న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అఖుంద్‌జాదా మీద, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీం హక్కానీ మీద అరెస్టు వారెంట్లు ఇచ్చింది. అది వాళ్లకు కొంత బలం. అయితే అదే కోర్టు ప్రాసిక్యూటర్ 2021లో అమెరికా సైనికుల మీద ఆరోపణల్ని పక్కన పెట్టి, తాలిబాన్, ఐసిస్ మీదే దృష్టి పెడతామన్నారు. గర్దెజ్ లాంటి చోట్ల ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఈ సంగతి మర్చిపోరు.

మాట్లాడాలనేవాళ్లు పొయ్యి దగ్గర నుంచి మొదలుపెడతారు. పాత ప్రభుత్వ ఖర్చులో నాలుగింట మూడు వంతులు విదేశీ సాయమే. 2021లో అది ఒక్కసారిగా ఆగింది. సెంట్రల్ బ్యాంకు డబ్బు 700 కోట్ల డాలర్లు అమెరికాలో స్తంభించాయి. దాచుకున్న సొంత డబ్బే అయినా వారానికి 200 డాలర్లకు మించి తీసుకోవడానికి లేకపోయింది. దెబ్బ మొదట తగిలింది తాలిబాన్ నాయకులకు కాదు, జీతం రాని టీచర్లకు. తాలిబాన్ చేతికి డబ్బు పోకుండా 2022 మొదట్లో యూనిసెఫ్ నేరుగా టీచర్లకు నెలకు 100 డాలర్లు ఇచ్చి చూసింది. అలాంటి సన్నని దారులు తెరవాలంటే ఎవరో ఒకరు వాళ్లతో మాట్లాడక తప్పదని వీరి మాట. 2025లో అమెరికా సాయం దాదాపు ఆగిపోయి వందల ఆరోగ్య కేంద్రాలు మూతపడ్డాయి.

దేశాలు ఎవరి లెక్కలు వాళ్లు చూసుకుంటున్నాయి. రష్యా 2025 జూలైలో తాలిబాన్‌ను గుర్తించింది. మన దేశం గుర్తించలేదు కానీ కాబూల్‌లో మళ్లీ ఎంబసీ నడుపుతోంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూ లాంటి యూనివర్సిటీల్లో అఫ్గాన్ విద్యార్థులు చదువుకున్నారు. 2021 ఆగస్టులో మన ప్రభుత్వం దేశం బయట ఉన్న అఫ్గాన్లకు ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేసింది. మన కాలేజీల్లో సీటు ఉండి కూడా రాలేక అక్కడే చిక్కుకున్నవాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు. ఢిల్లీ ప్రెస్‌మీట్ మీద వచ్చిన కోపంలో వందో వంతు కూడా అప్పుడు రాలేదు.

2025 ఆగస్టు 31 రాత్రి కునార్ కొండల్లో భూకంపం వచ్చి 2,200 మందికి పైగా చనిపోయారు. మట్టి ఇళ్లు కూలిన ఊళ్లలో గాయపడిన ఆడవాళ్లకు చికిత్స చేయడానికి ఆడ డాక్టర్లు, నర్సులు దొరకలేదు. ఉన్న కొద్దిమంది అక్కడికి చేరాలన్నా మగ తోడు కావాలి. ఆ రోజుల్లో డబ్ల్యూహెచ్‌ఓ తాలిబాన్ అధికారులకు ఒక విన్నపం చేసింది: మహిళా ఆరోగ్య సిబ్బందిని మహ్రమ్ లేకుండా ప్రయాణించనివ్వండి.